ఎక్కేటప్పుడు తక్బీర్, దిగేటప్పుడు తస్బీహ్

విడవలూరు నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. పేరు ప్రకటించవద్దని కోరారు గనుక ప్రకటించడం లేదు. ఆమె రాసిన విషయం మాత్రం అనేక కుటుంబాలకు పనికివచ్చేది.

వారిది ఆరుగురి కుటుంబం. మామగారికి అరవై ఆరేళ్ళు, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. అత్తగారికి మధుమేహం. ఆ తరువాత భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఈసారి రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు మిగిలాయి. లద్దాఖ్ కొండలను కళ్ళారా చూడాలన్నది మామగారి చిరకాల వాంఛ. బడి సెలవుల్లో ఇరవై రెండు రోజుల ప్రయాణానికి ఆమె భర్త ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఢిల్లీ నుండి విమానంలో నేరుగా లేహ్ చేరాలి. మరునాడే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కాలి. ఆపై నుబ్రా, పాంగాంగ్ సరస్సు, త్సో మొరీరీ, సర్చూ, మనాలి, స్పితి, చివరకు శ్రీనగర్. కాగితం మీద ఒక్క రోజు కూడా ఖాళీ లేదు.

"ఇంత ఎత్తులో పెద్దవాళ్ళకు ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది. ఆ మాట అంటే మామగారు నవ్వేస్తున్నారు. అల్లాహ్‌పై భరోసా ఉన్నవాడికి కొండంటే భయమేమిటంటున్నారు. నా భయం ఈమాన్ లోపమా?" అని ఆ సోదరి అడిగారు.

కాదు సోదరీ. మీ భయం కుటుంబం పట్ల మీకున్న బాధ్యత. అయితే దానిని భయంగా వదిలివేయక ఏర్పాటుగా మార్చుకోవాలి. ఆ పనిలో మీకు తోడ్పడాలన్నదే మా ప్రయత్నం.

చెరువు గట్టు మీద తెలిసిన పాఠం

మీ మామగారికి ఈ విషయం మాకంటే బాగా అర్థమవుతుంది. హేచరీ నుండి తెచ్చిన సీడ్ సంచులను ఆయన ఎన్నడైనా ఒక్కసారిగా చెరువులో కుమ్మరించారా? సంచులను నీటిపై కాసేపు తేలనిస్తారు. చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలుపుతారు. పిల్ల ఆ నీటికి అలవాటు పడిందని నమ్మకం కుదిరాకే వదులుతారు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్య పైకి తేలకుండా, అర్ధరాత్రి లేచి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకొంటారు. రొయ్యపిల్ల విషయంలో ఇంత జాగ్రత్తను ఎవరూ విశ్వాస లోపమని అనరు. మనిషి విషయంలో మాత్రం ఎందుకనాలి?

విడవలూరు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నది. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తుకు పోయినా గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. అది నూటికి ఇరవై ఒకటే. మారేది గాలి ఒత్తిడి. లేహ్‌లో అది మన తీరంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద దాదాపు సగం. అంటే అక్కడ ఒక్కొక్క శ్వాసకు మనకు అందేది ఇక్కడి దానిలో సగమే. శరీరం ఈ లోటుకు సర్దుకోగలదు. అల్లాహ్ దానిని అలాగే సృష్టించాడు. కాని దానికి రోజులు కావాలి. విమానం గంటన్నరలో దించివేస్తుంది. శరీరం గంటన్నరలో సర్దుకోదు.

అన్ఆమ్ సూరాలో, సన్మార్గానికి దూరమైనవాని హృదయం ఇరుకైపోవడాన్ని ఆకాశంలోకి ఎక్కుతున్నవాని స్థితితో పోల్చిన ఆయతు ఉన్నది. అది హృదయ స్థితిని గురించిన ఆయతే గాని వైద్యపాఠం కాదు. అయినా ఎత్తుకు పోతే ఛాతీ బిగుస్తుందన్న అనుభవం ఆ ఉపమానాన్ని చదివేవారికి సులభంగా బోధపడుతుంది.

సుల్తానుకూ తప్పలేదు

కొండ మనిషి హోదాను చూడదు. మొగల్ చక్రవర్తి బాబర్‌కు తల్లి వైపు బంధువైన మీర్జా హైదర్ దుగ్లాత్, తన 'తారీఖె రషీదీ' గ్రంథంలో లద్దాఖ్ వైపు సాగిన దండయాత్రను వర్ణించాడు. ఆ కొండల్లో మనుషులకు ఊపిరి బిగబట్టే జబ్బు వస్తుందనీ, దానిని 'దమ్‌గీరీ' అంటారనీ రాశాడు. ఆ దండయాత్రకు నాయకుడు యార్కంద్ సుల్తాను సయీద్ ఖాన్. ఆయన వెంట సైన్యం, గుర్రాలు, హకీములు ఉన్నారు. వెళ్ళేటప్పుడే ఆ జబ్బు ఆయనను బాధించింది. 1533లో తిరుగు ప్రయాణంలో ఆ కొండల మధ్యనే అది ఆయన ప్రాణం తీసింది. దౌలత్ బేగ్ ఓల్దీ అన్న స్థలానికి ఆ పేరు ఆయన మరణం వల్లనే వచ్చిందని చెప్పుకొంటారు.

మన జిల్లాకే వద్దాం. పెన్నకు ఎగువన సంగం మండలంలోని గాంధీజనసంగం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు పేరు నెల్లూరు వారికి తెలియనిది కాదు. మస్తాన్ అన్నది మన ప్రాంతంలో హిందువులూ ముస్లిములూ పిల్లలకు పెట్టుకొనే పేరు. ఆయన 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించారు. అంతటి అనుభవజ్ఞుడు 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒక శిఖరానికి బయలుదేరి, వాతావరణం ప్రతికూలించగా తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న ఆయన భౌతికకాయం కనిపించింది. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. కొండ ముందు ధైర్యం ఒక్కటే చాలదని చెప్పడానికే గుర్తు చేస్తున్నాము.

మీ కుటుంబం శిఖరాలు ఎక్కబోవడం లేదు, రోడ్డు మీద వాహనంలోనే తిరుగుతుంది. నిజమే. కాని ఎత్తు జబ్బుకు కాలినడక అయినా కారు అయినా ఒక్కటే. పైగా కారు తొందరగా ఎక్కించివేస్తుంది.

భరోసా అంటే ఏమిటి?

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భరోసా ఉంచాలా, కట్టకుండా ఉంచాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టమనీ ఆపై భరోసా ఉంచమనీ దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనకు తెలుసు. దీనికి తోడు మరొక సంఘటనను మీ మామగారికి చెప్పండి. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిపెట్టిన దాని నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామన్నది ఆయన సమాధానం. ఉమర్ (రజి) కంటే గట్టి భరోసా గలవారెవరు? ఆయన వెనుదిరిగారు.

కనుక ఈ ప్రయాణంలో మొదట ఒప్పుకోవలసింది వెళ్ళవలసిన ఊళ్ళను గురించి కాదు, ఏ స్థితిలో వెనుదిరగాలన్న దానిని గురించి. అది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. కొండ మీద తలనొప్పితో, డబ్బు ఖర్చయిపోయిందన్న బాధతో తీసుకొనే నిర్ణయం సరిగా ఉండదు.

కొత్త పథకం

అవే ఇరవై రెండు రోజులకు మా సూచన ఇది. 3,000 మీటర్లు దాటిన తరువాత, ఈ రాత్రి నిద్రించే చోటు నిన్నటి రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదనీ, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తులో ఆగాలనీ వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తు దాటామన్న దానికంటే, రాత్రి ఎక్కడ పడుకొన్నామన్నది ముఖ్యం.

మొదటి మూడు రాత్రులు రైలులోనే గడుస్తాయి. 2025 జూన్‌లో కట్రా నుండి శ్రీనగర్‌కు రైలు మొదలైంది. నాలుగవ రోజుకు శ్రీనగర్ చేరవచ్చు. అది 1,585 మీటర్ల ఎత్తు. అక్కడ మూడు రాత్రులు ఉండండి. ఏడవ రాత్రి సోనామార్గ్‌లో, సుమారు 2,700 మీటర్లు. మరునాడు 3,528 మీటర్ల జోజీ లా కనుమ దాటి కార్గిల్‌కు దిగండి. కార్గిల్ దాదాపు సోనామార్గ్ ఎత్తులోనే ఉన్నది. ఎత్తు దాటి మళ్ళీ కిందికి వచ్చి నిద్రపోతారన్నమాట. అక్కడ రెండు రాత్రులు. పదవ రాత్రి సింధునది ఒడ్డున ఖల్సీలో, సుమారు 3,000 మీటర్లు. పదకొండవ రోజున లేహ్.

లేహ్‌లో నాలుగు రాత్రులు. ఇన్ని రోజులు మెల్లగా ఎక్కి వచ్చినా అక్కడ మొదటి రోజంతా విశ్రాంతిగా ఉండండి. నేరుగా విమానంలో దిగేవారికైతే కనీసం రెండు పూర్తి రోజుల విశ్రాంతి తప్పనిసరి. 1660ల నాటి లేహ్ జామా మసీదు బజారులోనే ఉన్నది. ఆ మసీదుకు నడిచివెళ్ళి నమాజు చేసుకొని రావడం మొదటి రోజులకు చాలినంత వ్యాయామం. ఈ ఊరివాడే గులాం రసూల్ గల్వాన్. విదేశీ యాత్రికుల బిడారులకు దారి చూపుతూ బతికిన పేద ముస్లిం. గల్వాన్ లోయకు అతని పేరే నిలిచింది. పిల్లలకు అతని కథ చెప్పండి.

అందరికీ ఒంట్లో బాగుంటేనే పదిహేనవ రోజున ఖర్దుంగ్ లా మీద ఎక్కువసేపు ఆగకుండా నుబ్రా లోయకు దిగి, డిస్కిట్‌లో రెండు రాత్రులు ఉండండి. అది సుమారు 3,100 మీటర్లు, లేహ్ కంటే తక్కువ. 1971 వరకు పాకిస్తాన్ ఏలుబడిలో ఉండి మన దేశంలో కలిసిన బల్తీ ముస్లిముల గ్రామం తుర్తుక్ ఆ వైపునే ఉన్నది. నుబ్రా విషయంలో ఒక చిక్కు ఉన్నది. అక్కడ జబ్బుపడితే లేహ్ రావడానికి మళ్ళీ ఖర్దుంగ్ లా ఎక్కవలసిందే. అందుచేత వెళ్ళాలా వద్దా అన్నది లేహ్‌లోనే, నిజాయితీగా తేల్చుకోవాలి.

పదిహేడవ రోజున లేహ్ చేరి, ఆ పైని రెండు రోజులను ఖాళీగా ఉంచండి. వాతావరణం బాగుండక విమానాలు రద్దు కావడం అక్కడ మామూలే. ఇరవయ్యవ రోజున ఢిల్లీకి విమానం, అక్కడి నుండి రైలు. దిగడానికి విమానం మంచిదే. తొందరగా ఎక్కడమే ప్రమాదం గాని తొందరగా దిగడం కాదు.

ఇక పాత పథకంలోని పాంగాంగ్, త్సో మొరీరీ, సర్చూలలో రాత్రి బసలను వదలుకోండి. మూడూ 4,200 మీటర్లకు పైబడినవే. మనాలి దారి మంచు తొలగించేదాకా తెరుచుకోదు. స్పితికి మరొక ఏడాది వెళ్ళవచ్చు. సగం ఊళ్ళు తగ్గించినంత మాత్రాన మీ మామగారి కోరిక సగం కాదు. ఆరుగురూ క్షేమంగా ఇంటికి చేరితేనే ఆ కోరిక తీరినట్టు.

గుర్తించవలసిన లక్షణాలు

కొత్త ఎత్తుకు చేరిన కొద్ది గంటల్లో తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్రపట్టకపోవడం కనిపిస్తే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. "ప్రయాణ బడలికలే" అని సర్దిచెప్పుకోరాదు. లక్షణాలు ఉన్నంతవరకు ఒక్క అడుగు కూడా పైకి పోరాదు. పెరిగితే కిందికి దిగాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలరాదు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, నురగతో దగ్గు, నడకలో తూలడం, మాటలో తికమక, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేర్చి, కిందికి దించాలి. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రి ఉన్నది. అక్కడి నుండి సింధు వెంట ఖల్సీ వరకు దారి కనుమలు లేకుండా దిగుతూ పోతుంది. చేతిలో పట్టుకొనే ఆక్సిజన్ డబ్బా కాసేపు ఉపశమనం ఇస్తుంది గాని దిగడానికి బదులు కాదు.

బయలుదేరడానికి నెల ముందే పెద్దవారిద్దరినీ నెల్లూరులో వైద్యుని వద్దకు తీసుకువెళ్ళి, ఏ ఎత్తుకు ఎన్ని రోజుల్లో పోతున్నారో కాగితం మీద రాసి చూపండి. గుండె పరీక్ష అవసరమా, రక్తపోటు మాత్రల్లో మార్పు కావాలా అన్నది ఆయనే చెప్పాలి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఎత్తు జబ్బును కొంత నివారిస్తుంది. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి చెప్పకుండా దానిని వాడరాదు. వైద్యుని మాట లేకుండా ఎవరూ వాడరాదు. నిద్ర మాత్రలు వద్దు. అత్తగారు ఇన్సులిన్ వాడుతుంటే అది గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి.

అలవాటు కోసం రోజూ నడవండి. వీలైతే ఒకసారి ఉదయగిరి దుర్గం ఎక్కిరండి. సుమారు మూడు వేల అడుగుల ఆ కొండ మీద పాత మసీదులు కూడా ఉన్నాయి. దానివల్ల కాళ్ళకు బలం వస్తుంది. లేహ్ ఎత్తుకు మాత్రం ఊపిరి అలవాటు పడదు. బలమైన యువకుడికి కూడా ఎత్తు జబ్బు రావచ్చని మీ భర్తగారు గుర్తుంచుకోవాలి.

అమీర్ ఎవరు?

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలని ప్రవక్త (సఅసం) బోధన. పెద్దవారే అమీర్ కావాలన్న నియమం లేదు. ఈ ప్రయాణానికి మీ భర్తగారు అమీర్‌గా ఉండవచ్చు. అయితే రోజూ ఉదయం, రాత్రి ఆరుగురినీ పలకరించి, ఎవరు తిన్నారు, ఎవరు నిద్రపోయారు, ఎవరికి తల నొస్తున్నది అని రాసుకొనే పని మీకు అప్పగించమనండి. మీరు ఆగుదామంటే ఆగాలి, దిగుదామంటే దిగాలి. మీ మామగారు ముందుగానే ఈ మాటకు ఒప్పుకొంటే పిల్లలు ఆయన నుండి నేర్చుకొనే పాఠం ఏ కొండా నేర్పలేదు.

డబ్బు, బాకీలు, హజ్

ఒక కఠినమైన మాట కూడా చెప్పవలసి ఉన్నది. మీ ఇంట్లో ఎవరికైనా హజ్ విధి అయ్యేంత స్థోమత ఉండి ఇంకా చేయకపోతే, ముందు ఆ లెక్క చూడండి. స్థానిక ఆలిమ్‌ను సంప్రదించి తేల్చుకోండి. ఆరుగురి విహారానికి సరిపోయే సొమ్ము ఒకరి విధిని నెరవేర్చగలదేమో ఆలోచించాలి. అలాగే మేత కొట్టులో, సీడ్ వారి వద్ద ఉన్న బాకీలు తీర్చండి. వడ్డీ అప్పుతో కొండలు చూడనవసరం లేదు. పెద్దవారు వసీయత్ రాసి ఉంచాలి. అది అపశకునం కాదు, ప్రతి విశ్వాసి ఇంట్లో ఉండవలసిన కాగితం. ఇవన్నీ పోను, అర్ధాంతరంగా ఆరుగురూ తిరిగి రావలసివస్తే విమాన టిక్కెట్లకు చాలే సొమ్మును వేరుగా పెట్టుకోండి. వెనుదిరిగే ఖర్చు ముందే చేతిలో ఉన్నవాడు వెనుదిరగడానికి వెనుకాడడు.

నమాజు సౌలభ్యాలు

హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, ఒక చోట పదిహేను రోజులు ఉండే సంకల్పం లేనంతవరకు మీరు ప్రయాణికులే. పై పథకంలో ఏ ఊళ్ళోనూ అన్ని రోజులు లేరు గనుక జుహర్, అసర్, ఇషాలను రెండేసి రకాతులుగా చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక చేస్తే నాలుగూ పూర్తి చేయాలి. పూర్తి వుజూ చేసి తొడుగుకొన్న తోలు మేజోళ్ళపై ప్రయాణికుడు మూడు పగళ్ళు, మూడు రాత్రులు మసహ్ చేసుకోవచ్చు. గడ్డకట్టే చలిలో కాళ్ళు కడగడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది. నీరు హాని చేస్తుందన్న నిజమైన భయం ఉండి, వేడి చేసుకొనే వీలు లేనప్పుడు తయమ్ముమ్ ఉన్నది. ఈ సౌలభ్యాలన్నీ మన బలహీనతను ఎరిగిన ప్రభువు ఇచ్చినవి. ధర్మమే ఇంత వెసులుబాటు ఇస్తుంటే, మన పథకం మన మీద అంత కఠినంగా ఎందుకుండాలి?

చిన్న విషయాలు మరికొన్ని. మన ప్రాంతపు ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, ఒక్క పోస్ట్‌పెయిడ్ ఫోనైనా ఉంచుకోండి. నుబ్రా అనుమతుల విషయం, రోడ్ల స్థితి, భద్రతా సూచనలు బయలుదేరే ముందు విచారించండి. కార్గిల్‌లో ముస్లిములు అధికం గనుక హలాల్ భోజనానికి ఇబ్బంది ఉండదు, లేహ్‌లోనూ దొరుకుతుంది. లేహ్‌లో బౌద్ధులు అధికం. వారి ఆరాధనాస్థలాల వద్ద మర్యాదగా మెలగండి. అక్కడ నీరు విలువైనది, వృథా చేయకండి. మీ చెత్త మీ సంచిలోనే తిరిగి రావాలి.

సోదరీ, చివరిగా మీ మామగారికి ఈ ఒక్క మాట చెప్పండి. ప్రవక్త (సఅసం) సహచరులు ప్రయాణంలో ఎత్తు ఎక్కేటప్పుడు 'అల్లాహు అక్బర్' అనీ, పల్లానికి దిగేటప్పుడు 'సుబ్‌హానల్లాహ్' అనీ పలికేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలియజేశారు. ఎక్కడానికి ఒక జిక్ర్ ఉన్నట్టే దిగడానికీ ఒకటి ఉన్నది. దిగడం ఓటమి అయితే దానికి తస్బీహ్ ఎందుకుంటుంది? జోజీ లా ఎక్కుతూ తక్బీర్ చెప్పండి. అవసరమైతే ఖర్దుంగ్ లా చూడకుండానే తస్బీహ్ చెబుతూ దిగండి. రెండింటిలోనూ మీరు అల్లాహ్ స్మరణలోనే ఉంటారు.

ప్రయాణికుని దుఆ స్వీకరించబడుతుందని హదీసు చెబుతున్నది. ఆ కొండల మధ్య నిలిచినప్పుడు ఈ పత్రిక పాఠకులందరి కోసం దుఆ చేయండి. మీ ఆరుగురూ క్షేమంగా విడవలూరు చేరి, చెరువు గట్టు మీద మళ్ళీ ఆ సముద్రపు గాలిని నిండుగా పీల్చుకోవాలని మేమూ దుఆ చేస్తున్నాము. ఆమీన్.